పటాన్‌చెరులో అచ్చ తెలుగు

పటాన్‌చెరు అంటే మనలో చాలామందికి ఒక బస్ స్టాప్, అంతే. సంగారెడ్డి వైపు నుంచి సిటీకి వెళ్తుంటే కిటికీలోంచి ఫ్లెక్సీలు, లారీలు, కంపెనీల గోడలు కనబడతాయి. ఒక్కోసారి ఘాటు వాసన వస్తుంది. కిటికీ మూసేసి మళ్లీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాం. ప్లేస్‌మెంట్ గురించో, ఇంటర్న్‌షిప్ గురించో తప్ప ఈ ఊరి పేరు మన మాటల్లో పెద్దగా రాదు.

కానీ తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ఊరికి ఒక రికార్డు ఉంది. సంస్కృత పదాలను ఉన్నవి ఉన్నట్టు వాడకుండా, పూర్తిగా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం ‘యయాతి చరిత్రము’. రాసింది పొన్నగంటి తెలగన్న. దాన్ని అంకితం తీసుకున్నది అప్పట్లో ఈ ఊరిని ఏలుతున్న గోల్కొండ సర్దారు. ఆయన పేరు అమీన్‌ఖాన్. ఆయన సమాధి ఇప్పటికీ పటాన్‌చెరులోనే ఉంది.

ఇది ఎందుకు ముఖ్యమో, వెళ్తే ఏం చూడొచ్చో, దీనికీ మన మ్యాగజైన్‌కూ ఏం సంబంధమో చెప్పడానికే ఈ వ్యాసం.

దారి మీద ఊరు

ముందు మ్యాప్ చూద్దాం. పశ్చిమాన బీదర్, బహమనీ సుల్తానుల రాజధాని. తూర్పున గోల్కొండ, కుతుబ్‌షాహీల రాజధాని. ఈ రెంటి మధ్య దారిలో పటాన్‌చెరు. పాత పుస్తకాల్లో దీని పేరు పొట్లచెరువు. ఇప్పుడు ఊరి మీదుగా పోతున్న 65వ నంబర్ జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. మచిలీపట్నం అంటే గోల్కొండ రాజ్యపు పెద్ద ఓడరేవు. అంటే మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఈ రోడ్డు, ఒకప్పటి రాజధానినీ రేవునూ ఇంకా కలుపుతూనే ఉంది.

ఊరు అంతకన్నా పాతది కూడా. ఇక్కడ దొరికిన జైన విగ్రహాలు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి. జైనులు, ఆ తర్వాత సుల్తానుల సర్దార్లు, 1972లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఆ దశకంలోనే ఫ్యాక్టరీలు, ఆ ఫ్యాక్టరీల్లో పనికోసం బిహార్, ఒడిశా నుంచి కార్మికులు. ఎప్పుడూ ఎవరో ఒకరు బయటి నుంచి వస్తూనే ఉన్న ఊరు ఇది.

మేం ముగ్గురం ఒక ఆదివారం పొద్దున వెళ్లాం. “అన్నా, అమీన్‌ఖాన్ సమాధి ఎటు?” అని అడిగితే ఆటో అన్న కాసేపు ఆలోచించి, “ఏంది తమ్మీ, గుంబజ్ కాడికా?” అన్నాడు. ఆ మాటతోనే దారి దొరికింది. గుంబజ్ పారసీ మాట, ‘కాడికి’ మన మాట. ఆటో అన్న ఆ రెంటినీ ఒక్క వాక్యంలో అతికించేశాడు. అతుకు ఎక్కడుందో ఆయనకూ తెలీదు, మాకూ తెలీలేదు.

అక్కడ టికెట్ కౌంటర్ కోసం, సెల్ఫీ పాయింట్ కోసం వెతక్కండి. ఏం చూస్తున్నామో ముందే తెలిసి వెళ్తేనే చూసినట్టు ఉంటుంది. అందుకే కథ ఇక్కడే చెప్పేస్తున్నా.

అచ్చ తెలుగు అంటే ఏంటి

వ్యాకరణం తెలుగు మాటల్ని నాలుగు డబ్బాల్లో వేస్తుంది.

తత్సమాలు: సంస్కృతం నుంచి నేరుగా వచ్చి, చివర డు, ము, వు లాంటివి తగిలించుకున్న మాటలు. రాముడు, వృక్షము, ధేనువు.

తద్భవాలు: సంస్కృత ప్రాకృతాల నుంచే వచ్చినా, మన నోళ్లలో నలిగి రూపం మారిన మాటలు. యాత్ర జాతర అయింది. అగ్ని అగ్గి అయింది. రాత్రి రాతిరి, శ్రీ సిరి, ప్రయాణం పయనం అయ్యాయి.

దేశ్యాలు: మొదట్నుంచీ ఇక్కడివే. ఊరు, ఇల్లు, నీరు, ఏరు, వాగు, చెరువు, గుడి, కూడు.

అన్యదేశ్యాలు: వేరే చోట్ల నుంచి వచ్చినవి. బజారు, దుకాణం, బస్సు, ఫోను.

అచ్చ తెలుగు కావ్యం అంటే తత్సమాలు నిషేధం. తద్భవాలు, దేశ్యాలతోనే కథంతా నడపాలి. అది ఎంత కష్టమో తెలియాలంటే గుర్తుపెట్టుకోండి: అప్పటికి 500 ఏళ్లుగా తెలుగు కావ్యం సంస్కృత సమాసాల మీదే నడుస్తోంది. అందులోనూ తెలగన్న తీసుకున్నది మహాభారతం ఆదిపర్వంలోని కథ. యయాతి, దేవయాని, శర్మిష్ఠ. పాత్రల పేర్లే సంస్కృతం. కావ్యం పేరు చూడండి, ‘యయాతి చరిత్రము’, ఉన్న రెండు మాటలూ తత్సమాలే! మొదటి అచ్చ తెలుగు కావ్యం గడపే సంస్కృతంతో కట్టారన్నమాట. గడప దాటాకే రూల్ మొదలవుతుంది.

ఇంపోర్ట్ లేకుండా ప్రోగ్రామ్ రాయడం

సీఎస్ వాళ్లకు ఈ ఆట కొత్తది కాదు. ఏ లైబ్రరీనీ ఇంపోర్ట్ చేయకుండా ప్రోగ్రామ్ రాయమంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. చేతిలో రెడీగా ఉన్న ఫంక్షన్ తీసేస్తే, అది లోపల ఏం చేస్తోందో మనమే ఆలోచించాల్సి వస్తుంది.

ఆ కాలంలో గోల్కొండ చుట్టూ ఇలాంటి ఆటలు ఇంకా జరిగాయి. మరింగంటి సింగనాచార్యులు అనే కవి రామాయణాన్ని నిరోష్ఠ్యంగా రాశాడు. అంటే పెదవులు తగిలే ప, ఫ, బ, భ, మ అక్షరాలు లేకుండా. మరి రాముడి కథలో ‘రామ’ అనలేం కదా, మ ఉంది! అందుకే ఆ కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. దశరథ రాజు కొడుకు కథ. పేరును ఒకసారి నెమ్మదిగా పైకి చదవండి, పెదవులు ఎక్కడా కలవవు.

నేను కూడా ప్రయత్నించా. పటాన్‌చెరు గురించి నాలుగు వాక్యాలు, తత్సమాలూ ఇంగ్లిషూ ఉర్దూ లేకుండా:

“పొద్దు పొడిచాక వాగు గట్టున నిలబడితే నీళ్ల మీద తెల్లని నురుగు. చెట్ల ఆకులకు దుమ్ము పట్టింది. మందులు కాచే కొట్టాల పొగ మింటికి ఎగబాకుతోంది. బరువు బండ్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాయి.”

దీనికి నలభై నిమిషాలు పట్టింది. ‘ఫ్యాక్టరీ’ అనలేను, ‘కర్మాగారం’ అనలేను. చివరికి ‘మందులు కాచే కొట్టం’ దొరికింది. నవ్వొస్తుంది, నిజమే. కానీ ‘ఫార్మా యూనిట్’ అని చదివినప్పుడు నాకు కనబడనిది ఇందులో కనబడింది. లోపల ఎవరో దేన్నో కాస్తున్నారు, ఆ కాచగా మిగిలింది ఎక్కడికో పోతోంది. ‘మిన్ను’, ‘ఎగబాకు’ లాంటి మాటలు నాకు తెలుసని కూడా నాకు తెలీదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఆ మాటలు బహుశా మా నానమ్మ నోటి నుంచి వచ్చి లోపలెక్కడో ఉండిపోయాయి. వాడక మూలన పడి ఉన్న మాటల్ని బయటికి లాగడానికి ఇంతకన్నా మంచి ఎక్సర్‌సైజ్ నాకు కనబడలేదు.

అమీన్‌ఖాన్‌కు ఇదెందుకు?

మన పద్ధతిలో కావ్యాన్ని కన్యతో పోలుస్తారు. కవి కన్నతండ్రి. అంకితం తీసుకున్నవాడు పెళ్లికొడుకు. ఆ లెక్కన మొదటి అచ్చ తెలుగు కావ్యానికి వరుడు అరబ్బీ పేరున్న ఒక ముస్లిం సర్దారు. ‘అమీన్’ అంటే నమ్మదగినవాడు అని అర్థం. కోర్టు నోటీసులు తెచ్చే ‘అమీను’ కూడా ఆ మాటే.

అమీన్‌ఖాన్ పైనున్న రాజు ఇబ్రహీం కుతుబ్‌షా, పాలన 1550 నుంచి 1580 దాకా. తెలుగు కవులు ఆయన పేరును కూడా తెలుగు చేసేసి ‘మల్కిభరాముడు’ అన్నారు. ఆయన కథ సినిమాలా ఉంటుంది. రాజ్యం అన్న చేతిలో ఉన్నప్పుడు ప్రాణభయంతో పారిపోయి, విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు కావ్య గోష్ఠులు నడిచే రాజ్యం అది. తిరిగొచ్చి గద్దె ఎక్కాక తెలుగు కవుల్ని పోషించాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ ఆయనకే అంకితం ఇచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం అనే ఊరినే ఇచ్చాడు.

ఇదంతా ప్రేమే అని రాసేస్తే బాగుంటుంది కానీ పూర్తి నిజం కాదు. తనకు నీడనిచ్చిన అళియ రామరాయల మీదికి 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లినవాడు కూడా ఈ ఇబ్రహీమే. రాజ్యంలో జనం తెలుగువాళ్లు. పన్ను కట్టే రైతు తెలుగు, లెక్క రాసే కరణం తెలుగు. తెలుగు లేకుండా గోల్కొండ నడవదు. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పారసీ, తెలుగు రెండిట్లోనూ వచ్చింది అందుకే.

అయినా ఒక్క ప్రశ్న మిగులుతుంది. పన్ను వసూలుకు తెలుగు అవసరమే. అచ్చ తెలుగు కావ్యం దేనికి అవసరం? దానివల్ల ఒక్క రూపాయి ఎక్కువ రాదు. ఆ ఆటలో మజా తెలిసినవాళ్లు, కనీసం దానికి విలువ కట్టగలిగినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారనే అనుకోవాలి.

స్పెయిన్‌లో ఒక అన్నదమ్ముల ఊరు

ఇలాంటి ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని వెతికితే, అందరూ చెప్పే పేరు స్పెయిన్‌లోని కార్డోబా. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి అరబ్బులు, బెర్బర్లు సముద్రం దాటి స్పెయిన్‌కు వచ్చారు. యూరప్ వాళ్లు వీళ్లనే మూర్లు అన్నారు. కార్డోబా వాళ్ల రాజధాని అయింది. 8వ శతాబ్దం చివర్లో అక్కడ మొదలుపెట్టిన పెద్ద మసీదు ఇప్పుడు చర్చి, కానీ లోపల ఎరుపు తెలుపు చారల కమాన్ల వరసలు అలాగే ఉన్నాయి. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వెళ్లింది. ఊరి పక్కన పారే నది గ్వాడల్‌క్వివిర్. అది అరబ్బీ పేరే, ‘వాదీ అల్ కబీర్’, పెద్ద ఏరు. పాలకులు మారారు, మతం మారింది, ఏటికి మాత్రం ఆ పేరే ఉండిపోయింది.

స్పానిష్ నిండా ఇలాంటి మాటలే. చక్కెరను వాళ్లు ‘అసూకర్’ అంటారు. సంస్కృత శర్కర పారసీలోకి, అక్కణ్ణుంచి అరబ్బీలోకి, అక్కణ్ణుంచి స్పెయిన్‌కు వెళ్లింది. నారింజను ‘నరాంహ’ అంటారు. ఆ మాట మొదలు ద్రావిడ భాషల్లోనే ఉందని భాషా పండితుల అభిప్రాయం. మన సంత నుంచి బయల్దేరిన పండు అరబ్బుల మూటలో పేరుతో సహా అంత దూరం వెళ్లింది!

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అల్గారిథం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరే అల్గారిథం అయింది. ఆయన పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ ఆల్జీబ్రా అయింది. ఆ పుస్తకాన్ని 1145లో లాటిన్‌లోకి మార్చింది స్పెయిన్‌లోని సెగోవియా అనే ఊళ్లో. అరబ్బీ, లాటిన్ రెండూ వినబడే ఊళ్లు ఉండబట్టే ఆ అనువాదం జరిగింది. మన డేటా స్ట్రక్చర్స్ సిలబస్ వెనక అలాంటి ఒక ఊరు ఉంది.

మన గ్రూపులో గొడవ

ఇప్పుడు అసలు విషయం. గత సంచిక వచ్చాక మన క్లబ్ గ్రూపులో పెద్ద చర్చ నడిచింది. “మ్యాగజైన్‌లో ఇంగ్లిష్ మాటలు ఎక్కువయ్యాయి, ఇకపై అచ్చ తెలుగు మాత్రమే వేద్దాం” అని కొందరు అన్నలు, అక్కలు అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. ‘గుడ్డు’ అనే మాట తెలిసి కూడా ‘ఎగ్’ అనడం నిజంగా బద్ధకమే.

కానీ ఆ చర్చలో మెసేజ్‌లన్నీ మళ్లీ చదివా. అచ్చ తెలుగు కావాలని రాసినవాళ్లే ఈ మాటలు వాడారు: అసలు, తాజా, జవాబు, ఖాళీ, తయారు, హక్కు, రద్దు, కాగితం. అన్నీ అరబ్బీ, పారసీ నుంచి వచ్చినవే. ‘రైతు’ కూడా. మనం నేల వాసన వచ్చే మాట అనుకునే ‘రైతు’ అరబ్బీ ‘రయ్యత్’ నుంచి వచ్చింది. ‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’. అమీన్‌ఖాన్ లాంటివాళ్ల కచేరీల్లో, బజార్లలో ఈ మాటలు తెలుగులో కలిశాయి. వీటిని ఏరి పారేస్తే మనకు ఒక వార్త రాయడం కూడా కష్టమే.

అచ్చ తెలుగు రూలులో నాకు బాగా నచ్చింది తద్భవం. ‘అగ్గి’ సంస్కృతం నుంచే వచ్చింది, అయినా అచ్చ తెలుగులో దానికి చోటుంది. ఎందుకంటే అది జనం నోళ్లలో మన రూపం తెచ్చుకుంది. అంటే రూల్ అడుగుతున్నది ‘ఎక్కణ్ణుంచి వచ్చావు’ అని కాదు, ‘ఎంతకాలం మాతో ఉన్నావు’ అని. నా దృష్టిలో ‘కబురు’, ‘రైతు’, ‘బస్సు’ అన్నీ ఆ లైన్‌లో ఉన్నవే. ‘బస్సు’ చివర ‘ఉ’ చేరిన రోజే అది మన ఊరి మాటయింది.

కాబట్టి నా ప్రతిపాదన: అచ్చ తెలుగును మ్యాగజైన్‌కు రూలుగా పెట్టొద్దు, పోటీగా పెడదాం. తెలగన్న చేసింది అదే. మిగతా కవులెవరినీ సంస్కృతం మానమని ఆయన అడగలేదు. తన ఒక్క పుస్తకానికి తనే కంచె వేసుకున్నాడు.

వాగు సంగతి

ఊరు చూడ్డానికి వెళ్తే వాగు కూడా చూసి రండి. నక్కవాగు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం గుండా పారి మంజీరలో కలుస్తుంది. మంజీర వెళ్లి గోదావరిలో కలుస్తుంది. సంగారెడ్డి దగ్గరి మంజీర నీళ్లు 1965 నుంచి హైదరాబాద్ తాగుతోంది.

1970ల తర్వాత వచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలు చెరువుల్లోకి, ఈ వాగులోకి చేరాయి. పొలాలు, బావులు పాడయ్యాయని చుట్టుపక్కల రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటి గురించి ఒక పేపర్ వేశారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. ఆ యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది చాలా ఎక్కువ. శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో అంత మందు! అలాంటి చోట మందుకు చావని బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే పటాన్‌చెరు పేరు ప్రపంచం నలుమూలలా సైన్స్ పేపర్లలోకి ఎక్కింది.

గూగుల్‌లో పటాన్‌చెరు అని కొడితే రియల్ ఎస్టేట్ వస్తుంది, పొల్యూషన్ వస్తుంది. అమీన్‌ఖాన్‌ను పేరు పెట్టి వెతికితే తప్ప రాడు. ఈ రెండు మరుపులకూ సంబంధం ఉందని నాకు అనిపిస్తుంది. కార్డోబాలో ఏటి గట్టును జనం కాపాడుకుంటారు, ఎందుకంటే ఆ ఊరికి ఒక కథ ఉందని వాళ్లకు తెలుసు. పటాన్‌చెరును మనం ఒక పారిశ్రామిక ప్రాంతంగానే గుర్తుపెట్టుకుంటే, దాని వాగును డ్రైనేజీలా చూడటం ఎవరికీ తప్పనిపించదు. భాషలో ఏం కలిసినా నాకు భయం లేదు, జనం నోరు దాన్ని నెమ్మదిగా అరిగించుకుంటుంది. నీళ్లు అలా అరిగించుకోలేవు. ‘అచ్చ’ అనే మాట కోసం గట్టిగా పోట్లాడాల్సింది వాగు విషయంలో.

వెళ్లాలనుకుంటే

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు బస్సులు ఎప్పుడూ ఉంటాయి. ఆదివారం పొద్దున్నే వెళ్లండి, లారీలు తక్కువ. ‘గుంబజ్’ అని అడగండి. సమాధి దగ్గర చెప్పులు, గోల, రీల్స్ మూడూ బయటే వదిలేయండి. వాగు దగ్గర నీళ్లు ముట్టుకోకండి. సాయంత్రానికి ఓపిక ఉంటే మ్యూజియంకు వెళ్లి జైన విగ్రహాలు కూడా చూడండి, ఒకే ఊరి రెండు కాలాలు ఒక్క రోజులో అయిపోతాయి.

‘యయాతి చరిత్రము’ మనంతట మనం చదివితే అర్థం కాదు, నాకు మొదటి పేజీ కూడా దాటలేదు. తెలుగు చెప్పే సార్‌నో మేడమ్‌నో ఒక గంట అడిగి, క్లబ్‌లో అందరం కూర్చుని చదువుదాం. ఈలోగా వచ్చే సంచికకు పోటీ: మన క్యాంపస్ గురించి పది వాక్యాలు, తత్సమాలు లేకుండా. ‘హాస్టల్’కు, ‘వైఫై’కి, ‘బ్యాక్‌లాగ్’కు ఏం మాటలు పుట్టిస్తారో చూడాలని ఉంది. కష్టం కావాలనుకునేవాళ్లు పెదవులు కలపకుండా కూడా రాయొచ్చు.